నీళ్లలో కాపురం

వెయ్యిన్నొక్క రాత్రుల కథల్లో అబ్దుల్లా అనే పేద జాలరి ఉన్నాడు. ఇంటి నిండా పిల్లలు. పదో బిడ్డ పుట్టిన రోజున కూడా వలలో ఒక్క చేప పడలేదు. అదే పేరున్న రొట్టెల దుకాణదారు నలభై రోజులు అరువిచ్చి ఆ కుటుంబం పస్తులుండకుండా కాపాడాడు. ఆ తర్వాత ఒకనాడు వల బరువెక్కింది. మొదటిసారి లాగితే చచ్చిన గాడిద వచ్చింది. రెండోసారి లాగితే మనిషి వచ్చాడు. జాలరి భూతమనుకుని పరుగు లంకించుకున్నాడు. వలలోని మనిషి వెనక్కి పిలిచి, తనూ దేవుణ్ని కొలిచే ప్రాణినేనని, సముద్రంలో కాపురముంటానని, తన పేరు కూడా అబ్దుల్లాయేనని చెప్పాడు. ఇద్దరికీ ఒప్పందం కుదిరింది. నేల అబ్దుల్లా రోజూ గంపెడు పళ్లు తేవాలి. నీటి అబ్దుల్లా అదే గంపను ముత్యాలతో, పగడాలతో, రత్నాలతో నింపి తిరిగివ్వాలి.

జాలరి దృష్టిలో ఇది కలలో కూడా దొరకని బేరం. నీటివాడి దృష్టిలోనూ అంతే. వాడుండే చోట రత్నాలు గులకరాళ్లలా పడి ఉంటాయి, ద్రాక్షపండు మాత్రం ఎంత వెతికినా దొరకదు. ఒకడు రెండోవాణ్ని మోసం చేయలేదు, ఇద్దరూ లాభపడ్డారు. ఈ చిన్న లెక్క వేసిన అజ్ఞాత కథకుడికి నీటి జాతిని ఊహించడంలో అసలు కిటుకు తెలుసు.

నీళ్లలోనూ నేల మీదా బతకగల జనాన్ని కల్పించడం చాలా పాత సంప్రదాయం. మహాభారతంలోని నాగలోకం నుంచి జేమ్స్ కామెరాన్ అవతార్ సినిమా దాకా అది ఆగకుండా సాగుతోంది. ఈ పనిలో తోక అతికించడం సులువు. మొప్పలు, పొలుసులు, వేళ్ల మధ్య చర్మం, ఇవన్నీ బొమ్మ గీసేవాడు ఒక పూటలో పెట్టేస్తాడు. ఆ శరీరానికి తగిన బతుకు కట్టడమే కష్టం. నీళ్లలో పొయ్యి ఎలా వెలిగిస్తారు? ఓలి దేనితో చెల్లిస్తారు? కేక వేస్తే వినిపించని చోట పిల్లల్ని ఎలా మందలిస్తారు? చనిపోయినవాళ్లను ఎక్కడ పెడతారు? ఈ ప్రశ్నలకు జవాబు నీళ్లలోంచే రావాలి. అలా రాని చోట, ఎంత గొప్పగా చిత్రించినా, ఆ జాతి తడిబట్టలు కట్టుకున్న మన పక్కింటివాళ్లే అవుతుంది.

అన్నిటికంటే ముందు కథకుడు తేల్చుకోవలసింది గడప సంగతి. నేల మనిషి నీళ్లలోకి ఎలా దిగుతాడు? నీటి అబ్దుల్లా తన మిత్రుడి ఒంటికి ఒక కొవ్వు పూస్తాడు. అది దందాన్ అనే మహామత్స్యం కాలేయంలోంచి తీసింది. ఒంటెనైనా ఏనుగునైనా మింగేయగల ఆ చేప మనిషి గొంతు వింటే చచ్చిపోతుందట. ఆ ఒక్క వివరంతో కథకుడు రెండు పనులు చేశాడు. జాలరికి నీళ్లలో ఊపిరి దొరికింది, సముద్రంలో అందరికంటే బలహీనుడైన వాడికి ఒక ఆయుధమూ దొరికింది.

అదే సంపుటంలోని జుల్నార్ కథలో గడప వేరు. జుల్నార్ సముద్రపు రాజకుమారి. బానిసగా అమ్ముడుపోయి ఖొరాసాన్ రాజు అంతఃపురం చేరి, ఏడాది పాటు నోరు విప్పదు. గర్భవతి అయ్యాకే మాట్లాడుతుంది. బిడ్డ పుట్టాక మేనమామ సాలిహ్ వచ్చి, పసివాడి కళ్లకు కాటుక పెట్టి, సులేమాను ఉంగరం మీది నామాలు చదివి, వాణ్ని ఎత్తుకుని సముద్రంలోకి నడిచిపోతాడు. తండ్రి గుండె ఆగినంత పనవుతుంది. కాసేపటికి మేనమామ పిల్లవాణ్ని క్షేమంగా తెచ్చి అప్పగిస్తాడు. తన మనుషులు నీళ్లలో కళ్లు తెరుచుకుని నేల మీద నడిచినట్టే నడుస్తారని జుల్నార్ అంతకుముందే భర్తకు చెప్పి ఉంది.

ఊపిరి గురించి అందరూ ఆలోచిస్తారు. చూపు గురించి ఆలోచించిన ఈ కథకుడంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. నీళ్లలో మన కంటికి అన్నీ మసకే. థాయ్‌లాండ్, మయన్మార్ తీరాల్లోని మోకెన్ జాతి పిల్లలు మాత్రం నీటి అడుగున చిన్న గవ్వల్ని కూడా పోల్చుకుని ఏరుకుంటారు. స్వీడన్‌కు చెందిన పరిశోధకురాలు ఆనా యిస్లేన్ వాళ్ల చూపును పరీక్షించి 2003లో ఫలితాలు ప్రచురించారు. ఆ పిల్లలు నీళ్లలో కనుపాపను బాగా చిన్నది చేసుకుంటారని, కంటి కటకాన్ని సర్దుకుంటారని, యూరప్ పిల్లలకంటే రెట్టింపు స్పష్టంగా చూస్తారని తేలింది. సాధన చేయిస్తే యూరప్ పిల్లలకూ అది పట్టుబడింది. నీళ్లలోకి దిగబోయే పసివాడికి మొదట కళ్లు సిద్ధం చేయాలన్న ఊహ గాలిలోంచి పుట్టింది కాదన్న నమ్మకం నాకు అప్పటినుంచీ ఉంది.

ఇండోనేషియా, ఫిలిప్పీన్స్, మలేషియా సముద్రాల్లోని బజావు జాతిది ఇంకో సంగతి. పడవల మీద, నీటిలో పాతిన గుంజల ఇళ్లలో తరతరాలుగా బతికిన జనం వాళ్లు. 2018లో అచ్చయిన అధ్యయనం ప్రకారం, పొరుగునే నేల మీద బతికే సలువాన్ జాతి వాళ్లకంటే బజావుల ప్లీహం సగటున యాభై శాతం పెద్దది. మునిగినప్పుడు ప్లీహం ముడుచుకుని, దాచుకున్న ఎర్ర రక్తకణాలను రక్తంలోకి వదులుతుంది, దాంతో ఊపిరి ఇంకాసేపు నిలుస్తుంది. మునకలు వేయని బజావుల్లోనూ అది పెద్దదిగానే ఉంది కాబట్టి ఇది వంశంలోనే వచ్చిన మార్పని పరిశోధకులు తేల్చారు. నీళ్లు మనిషి బతుకునే కాదు, లోపలి అవయవాన్నీ మలిచాయి.

గడప దాటాక అబ్దుల్లా కథ అసలు అందం బయటపడుతుంది. జాలరి ఎనభై నగరాలు చూస్తాడు, ఏ నగరం జనం ఆ నగరానిదే. ఇళ్లన్నీ కొండల్లో తొలిచిన గుహలు. ఇల్లు కావాలనుకున్నవాడు రాజును అడిగితే, రాతిని ముక్కుతో పొడిచి తొలిచే చేపల గుంపును పంపిస్తాడు. పని అయ్యేదాకా వాటికి తిండి పెట్టాల్సింది ఇంటివాడే, ఆ తిండీ చేపలే. ఓలి కూడా చేపల్లోనే. అమ్మకం, కొనుగోలు అనేవి లేనే లేవు. ఎవరి ఒంటిమీదా బట్ట లేదు, అందరికీ తోకలున్నాయి. అందుకే జాలరి ఎక్కడికి వెళ్లినా నవ్వుల పాలే. మిత్రుడి ఇంట్లో కూతురు వాణ్ని చూసి, నాన్నా, ఈ తోకలేనివాణ్ని ఎక్కడినుంచి తెచ్చావని అడుగుతుంది. పిల్లలు వెనక చేరి తోక ఉండాల్సిన చోట వెతుకుతారు. చివరికి సముద్రపు రాజు కూడా పగలబడి నవ్వుతాడు.

నవ్వు ఎటునుంచి వస్తోందో గమనించాలి. యాత్రా కథల్లో మామూలుగా వెళ్లినవాడు చూస్తాడు, అక్కడివాళ్లు వింతవాళ్లవుతారు. ఇక్కడ వింతవాడు మన జాలరే. కల్పిత జాతిని నిలబెట్టడానికి ఇంతకంటే బలమైన ఉపాయం నాకు తెలియదు. వాళ్ల కళ్లతో మనం ఒక్కసారి వికారంగా కనిపిస్తే చాలు, వాళ్లకు సొంత అందం, సొంత మర్యాద ఉన్నాయని పాఠకుడు ఎవరూ చెప్పకుండానే ఒప్పుకుంటాడు.

తర్వాత నిప్పు ప్రస్తావన వస్తుంది. ఎనభై రోజులు పచ్చి చేపలు తిని జాలరి విసిగిపోతాడు. కాల్చిందీ లేదు, ఉడికించిందీ లేదని వాపోతాడు. కాల్చడమంటే ఏమిటని మిత్రుడు అడుగుతాడు. సముద్రంలో మాకు నిప్పెక్కడిది, అంటాడు. నీటి జాతికి నిప్పు లేకపోవడం చిన్న లోటు కాదు. వంట లేదు, లోహం లేదు, కుండ కాల్చడం లేదు, దీపం లేదు, దహనం లేదు. మన నాగరికతలో సగం నిప్పు చుట్టూ కూర్చుని నేర్చుకున్నదే. అది లేని జనం ఎలా బతుకుతారో ఆలోచించే కథకుడు తన లోకాన్ని అడుగునుంచీ కడుతున్నాడన్నమాట.

మహాభారతం ఇదే చోట పూర్తిగా ఎదురు దారి పట్టింది. వనవాసంలో ఉన్న అర్జునుడు గంగాద్వారం దగ్గర స్నానం చేసి, అగ్నికార్యానికి ఒడ్డెక్కబోతుంటే నాగకన్య ఉలూచి అతణ్ని నీళ్లలోకి లాగేస్తుంది. కళ్లు తెరిస్తే ఆమె తండ్రి కౌరవ్యుడి భవనం. అక్కడ చక్కగా వేల్చిన అగ్నిహోత్రం కనిపిస్తుంది. ఒడ్డున ఆగిపోయిన అగ్నికార్యాన్ని అర్జునుడు నీటి అడుగున పూర్తి చేస్తాడు. ఆ తర్వాతే, నువ్వెవరు, ఇది ఏ చోటు అని అడుగుతాడు. పచ్చి చేపల లెక్కతో చూస్తే ఇది తర్కం తప్పిన ఊహ. కానీ వ్యాసుడి కథకు కావలసింది వేరు. నాగులు వింత జంతువులు కారు, మనతో వియ్యమందదగిన జనం. వాళ్ల ఇంట నిత్యాగ్ని వెలుగుతోందంటే వాళ్లకూ ధర్మముంది, మన పెళ్లి వాళ్లింట చెల్లుతుంది. ఆ ఒక్క అగ్ని చూపించి కవి పెద్ద చర్చనే తప్పించాడు.

భారతంలో నీటి జనంతో మన సంబంధమంతా చుట్టరికమే. దుర్యోధనుడు విషం పెట్టి గంగలో తోయించిన భీముణ్ని పాతాళంలో ఆదరించినవాడు కుంతి తరఫు పెద్దవాడైన ఆర్యకుడు. మనవణ్ని గుర్తుపట్టి, వాసుకి అనుమతితో రసకుండాల దగ్గర కూర్చోబెడతాడు. భీముడు ఎనిమిది కుండలు తాగి ఎనిమిది రోజులు నిద్రపోతాడు. ఉలూచి కొడుకు ఇరావంతుడు తండ్రి పక్షాన కురుక్షేత్రానికి వచ్చి ఎనిమిదో రోజున చనిపోతాడు. చాలాకాలానికి తన మరో కొడుకు బభ్రువాహనుడి బాణానికి అర్జునుడు కూలినప్పుడు మణి తెచ్చి బతికించేదీ ఉలూచే. ఒక్క రాత్రి పరిచయం ఇన్ని ఏళ్ల బాధ్యతగా సాగింది. మన చేమకూర వేంకటకవి పదిహేడో శతాబ్దంలో, తంజావూరు రఘునాథ నాయకుడి కొలువులో, విజయవిలాసంలో ఈ ఉలూచి కథ చెప్పాడు. చమత్కారానికి పేరుపడ్డ ఆ కావ్యంలో శృంగారం పొంగిపొర్లుతుంది. నాగలోకపు బతుకు మాత్రం అందులో వెతికినా దొరకదు. వేంకటకవిని తప్పుపట్టను, ఆయన దృష్టి అటు లేదు. ఆ తర్వాత కూడా తెలుగులో ఎవరూ అటు పెద్దగా చూడలేదన్నదే నా బాధ. 1996లో రాఘవేంద్రరావు తీసిన సాహసవీరుడు సాగరకన్యలోనూ మత్స్యకన్య ఒంటరిగానే ఒడ్డుకొచ్చింది. ఆమె వెనక ఊరు లేదు.

నిజంగా నీళ్లనే నమ్ముకున్న జనం నిప్పును ఎక్కడ పెట్టుకున్నారో చూడాలంటే కొరియాలోని జెజు దీవికి వెళ్లాలి. అక్కడ హెన్యో అని పిలిచే స్త్రీలు గాలి సిలిండరు లేకుండా మునిగి నత్తలు, శంఖాలు, సముద్రపు నాచు ఏరుకొస్తారు. చాలామంది వయసు మళ్లినవాళ్లు. పైకి తేలగానే బిగబట్టిన ఊపిరిని ఈలలాంటి చప్పుడుతో వదులుతారు, దాన్ని సుంబిసోరి అంటారు. ఒడ్డున రాళ్లు పేర్చి కట్టిన గుండ్రటి దడి ఉండేది, దాని పేరు బుల్తోక్. మధ్యలో నిప్పు. చలి కాచుకోవడం, బట్టలు మార్చుకోవడం, కొత్తవాళ్లకు నేర్పడం, ఊరి సంగతులు తేల్చడం అన్నీ ఆ నిప్పు దగ్గరే జరిగేవి. నేర్పును బట్టి హెన్యోల్లో మూడు తరగతులున్నాయి, పై తరగతి వాళ్ల మాటకు అక్కడ విలువ ఎక్కువ. ఇంకొక్క నత్త కోసం ఆశపడి, ఊపిరి అయిపోయాక కూడా అడుగున ఉండిపోతే నీళ్లు మింగి చచ్చిపోతారు. తన ఊపిరి కొలత తనకు తెలిసి ఉండటమే వాళ్ల మొదటి పాఠం. యునెస్కో 2016లో హెన్యో సంస్కృతిని మానవాళి అమూర్త వారసత్వాల్లో చేర్చింది. కల్పిత నీటి జాతిని రాయదలచినవాళ్లకు నేనైతే కల్పనలకంటే ముందు ఈ బుల్తోక్ గురించి చదవమంటాను. ఏ బొమ్మల పుస్తకమూ ఇంత చెప్పదు.

ఇరవయ్యో శతాబ్దపు రచయితలు మంత్రాన్ని వదిలి శాస్త్రాన్ని పట్టుకున్నారు. రష్యన్ రచయిత అలెగ్జాండర్ బెల్యాయెవ్ 1928లో రాసిన ఉభయచర మానవుడు అనే నవలలో సాల్వటోర్ అనే వైద్యుడు ఇక్తియాండర్ అనే కుర్రాడికి సొరచేప మొప్పలు అమరుస్తాడు. కథ కంటతడి పెట్టిస్తుంది. కానీ ఇక్తియాండర్ ఒక్కడే, జనం లేనివాడు. ఒక్కడికి దుఃఖం ఉంటుంది, ఆచారం ఉండదు.

చెక్ రచయిత కారెల్ చాపెక్ 1936లో రాసిన సాలమాండర్ల యుద్ధం మాత్రం ఈ సంప్రదాయంలో శిఖరం. సుమత్రా దగ్గరి ఒక దీవిలో వాన్ టోక్ అనే నావికుడికి తెలివైన సాలమాండర్లు తటస్థపడతాయి. వాటికి కత్తులిచ్చి ముత్యాలు ఏరిస్తాడు. వ్యాపారులు దిగుతారు. సాలమాండర్ల సంత మొదలవుతుంది, ఆనకట్టలు కట్టించే కూలీలుగా వాటిని కోట్లలో పెంచుతారు. చాపెక్ వాటి శరీరం గురించి ఒకే ఒక్క నియమం పెట్టుకున్నాడు. అవి నడిసముద్రంలో బతకలేవు, ఒడ్డు దగ్గరి లోతులేని నీళ్లే వాటి ఇల్లు. సంఖ్య పెరిగితే ఏం కావాలి? ఇంకా ఒడ్డు కావాలి. ఒడ్డు ఎక్కడినుంచి వస్తుంది? ఖండాలను కోసి ముక్కలు చేస్తే వస్తుంది. లూసియానా తీరం కుంగిపోవడంతో మొదలై భూభాగాలు ఒక్కొక్కటే నీళ్లలో కలుస్తాయి. వాటికి ఆయుధాలు అమ్మినవాళ్లూ, పేలుడు పదార్థాలు సరఫరా చేసినవాళ్లూ మనుషులే. జర్మనీలో నాజీలు బలపడుతున్న రోజుల్లో, పక్క దేశంలో కూర్చుని రాసిన నవల అది. తన జాతికి బతకడానికి చోటు కావాలంటూ ఇతరుల నేల మీదికి వచ్చే రాజకీయాన్ని ఒక ఉభయచరం శరీర లక్షణంలోంచి అంత సూటిగా రాబట్టడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. సంస్కృతి మొత్తాన్ని శరీరంలోని ఒక్క నియమంలోంచి తీయడం ఎలాగో నేర్పే పాఠ్యపుస్తకం ఏదైనా ఉందంటే ఇదే.

ఇక అందరూ చూసిన మెట్కయినా జాతి. 2022 డిసెంబరులో వచ్చిన అవతార్ రెండో భాగంలో అడవి జాతి కుటుంబం పగడపు దిబ్బల మధ్య బతికే ఈ జనం దగ్గర తలదాచుకుంటుంది. మెట్కయినాల చేతులు తెడ్డుల్లా వెడల్పు, తోకలు రెక్కల్లా దళసరి. వాళ్ల కుర్రాళ్లు వచ్చినవాళ్ల సన్నటి తోకల్ని చూసి ఎగతాళి చేస్తారు. అబ్దుల్లాను చూసి నవ్వినట్టే, తోక దగ్గరే. ఈ జాతికి గడప మంత్రమూ కాదు, మొప్పలూ కాదు, సాధన. గుండె వేగం తగ్గించుకుని, పొట్టలోంచి ఊపిరి తీసుకోవడం త్సిరేయా అనే అమ్మాయి నేర్పుతుంది. ఇది నటన మాత్రమే కాదు. నటులకు కిర్క్ క్రాక్ అనే ఫ్రీడైవింగ్ గురువు శిక్షణ ఇచ్చాడు, పెద్ద తొట్టిలో నిజంగానే మునిగి చిత్రీకరించారు. కేట్ విన్‌స్లెట్ ఏడు నిమిషాలకు పైగా ఊపిరి బిగబట్టింది. నీళ్లలో మాట సాగదు కాబట్టి ఆ జనం చేతులతో మాట్లాడుకుంటారు. ఆ సంజ్ఞల భాషను రూపొందించిన సి.జె. జోన్స్ స్వయంగా బధిరుడైన నటుడు. నీళ్లు భాషను మార్చాయి, మార్చిన భాషను దానితోనే బతికే మనిషి తయారుచేశాడు. సినిమాలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే, తుల్కున్ అనే తిమింగలాలతో ఒక్కొక్కరికీ ఉండే తోబుట్టువు బంధం కంటే కూడా. మావోరీల పచ్చబొట్లనూ పసిఫిక్ దీవుల ఆచారాలనూ అంత నేరుగా తెచ్చి పెట్టడం మీద ఆదివాసుల్లో కొందరు అభ్యంతరం చెప్పారు, అందులో న్యాయముంది. బతికున్న జనం బతుకును అరువు తెచ్చుకున్న చోట సినిమా తన సొంత ఊహను తగ్గించుకుంది.

మళ్లీ అబ్దుల్లా దగ్గరికి రావాలి, ఎందుకంటే వాడి కథ చివర్లో ఉన్నంత ధైర్యం నేను ఇంకెక్కడా చూడలేదు. జాలరి తిరుగు ప్రయాణమయ్యాడు. మదీనాలో ప్రవక్త సమాధి దగ్గర ఉంచమని మిత్రుడు ఒక సంచీ అప్పగించాడు. దారిలో పాటలు, విందు కనిపించాయి. పెళ్లా అని జాలరి అడిగాడు. కాదు, ఎవరో చనిపోయారు, అన్నాడు మిత్రుడు. మా దగ్గరైతే ఏడుస్తాం, ఆడవాళ్లు మొహాలు బాదుకుంటారు, అన్నాడు జాలరి. నీటివాడు ఆగిపోయాడు. అయితే ఆ సంచీ తిరిగి ఇచ్చెయ్, అన్నాడు. బిడ్డ పుడితే సంబరపడతారు, దేవుడు తను దాచుకున్న ప్రాణాన్ని వెనక్కి తీసుకుంటే ఏడుస్తారు. దేవుడి సొమ్ము తిరిగివ్వడానికే ఇంత బాధపడేవాళ్లకు ప్రవక్త సొమ్ము ఎలా అప్పగించను? స్నేహం అక్కడితో తెగిపోయింది. ఆ తర్వాత జాలరి ఎన్నిసార్లు ఒడ్డున నిలబడి పిలిచినా జవాబు రాలేదు.

ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. పళ్లూ రత్నాలూ మార్చుకోగలిగారు, తోకల గురించి నవ్వుకోగలిగారు, చావు దగ్గర మాత్రం ఒకరినొకరు దాటలేకపోయారు. కల్పిత జాతి మనకు నిజంగా పరాయిదయ్యేది అక్కడే. అబ్దుల్లాలిద్దర్నీ చివర్లో మళ్లీ కలపాలని తక్కువ స్థాయి రచయిత తప్పక ఆశపడేవాడు.

చాపెక్ నవల తప్ప ఇన్ని కథల్లోనూ ఒడ్డు కదలదు. నేల ఒక పక్క, నీళ్లు ఒక పక్క, మధ్య గీత స్థిరం. తెలుగులో ఎవరైనా ఈ జాతిని కల్పిస్తే ఇక్కడ కొత్త దారి తొక్కవచ్చు, ఎందుకంటే మనకు కొల్లేరు ఉంది. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య, బుడమేరూ తమ్మిలేరూ వానాకాలంలో నీళ్లు తెచ్చి పోస్తే నిండి, ఉప్పుటేరు గుండా సముద్రంలోకి వదిలి తగ్గే సరస్సు అది. అక్కడ లంక గ్రామాల వాళ్లకు ఒడ్డు ఏటా కదులుతుంది. దోనె తిరిగిన చోట కొన్ని నెలలకు కాలినడక. అందుకే అక్కడ నేల గొడవలన్నీ ఐదో కాంటూరు, మూడో కాంటూరు అంటూ ఎత్తుల లెక్కలో నడుస్తాయి. 2006లో చేపల చెరువుల గట్లు తెగగొట్టినప్పుడు కూడా తగాదా ఆ గీత గురించే.

ఈ నేల మీద పుట్టిన ఉభయచర జాతికి ఆస్తి హక్కు ఎలా ఉంటుంది? వానాకాలంలో నీళ్లలో పుట్టిన బిడ్డదీ ఎండాకాలంలో నేల మీద పుట్టిన బిడ్డదీ ఒకే కులమేనా? నిప్పును నాలుగు నెలలు ఎవరు కాపాడతారు, కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుడి లాంటి మెట్టలో పెట్టుకుంటారా, దోనెలో కుంపటిలో తిప్పుతారా? నీళ్లున్నప్పుడు చేసిన అప్పు నీళ్లు తీశాక చెల్లుతుందా? ఎండిన ఏడాది చనిపోయినవాణ్ని పూడ్చిన చోటికి మరుసటి ఏడు వరద వస్తే వాడు నీటివాడవుతాడా, నేలవాడుగానే ఉంటాడా? అబ్దుల్లా మిత్రుడిలాగా ఈ జనం కూడా మన జవాబుల్ని ఒప్పుకోకపోవచ్చు. రాసేవాళ్లు ముందు ఆ కాంటూరు గీత దగ్గరికి వెళ్లి, ఏ నెలలో నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో అక్కడివాళ్లనే అడిగి తెలుసుకుని మొదలుపెట్టవచ్చు.